పిన్నీసుకు తాళము లొంగునా?

వేసవి వచ్చినదంటే విస్సన్నపేట ప్రాంతమున మామిడితోటలకు కాపలా మొదలవుతుంది. నూజివీడు రసాలకును, బంగినపల్లికిని పేరెన్నికగన్న సీమ ఇది. తోట నడుమ పాక, పాకకు తడికె తలుపు, తలుపుకు గొలుసు, గొలుసుకు పిడికెడంత తాళంకప్ప. తడికెను కాలితో ఒక్క తన్ను తన్నితే లోపలికి పోవచ్చును. అయినను తోట యజమాని తాళము వేసి, రెండుమార్లు లాగి చూచి గాని కదలడు.

ఆ తోటల మధ్య పెరిగిన పిల్లవాడొకడు తరగతిలో లేచి ఇట్లా అడిగినాడు: "మాస్టారూ, సినిమాలో గూఢచారి పిన్నీసుతో క్షణంలో తాళం తీసేశాడండీ. నిజంగా అట్లా వస్తుందాండీ?" తక్కిన పిల్లలు నవ్వినారు. కాని ఇది కసరి కూర్చుండబెట్టవలసిన ప్రశ్న కాదు. ఇందులో యంత్రశాస్త్రము ఉన్నది, చరిత్ర ఉన్నది, కొంత నీతియు ఉన్నది.

మన తెరకు గూఢచారి కొత్తవాడు కాడు. 1966లో కృష్ణ నటించిన "గూఢచారి 116" వచ్చిన నాటినుండి నేటివరకు అతడు మనవాడే. అంతకుముందే కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధర్‌ను చదువరులు ఎరుగుదురు. ఆంగ్ల చిత్రముల బాండు సంగతి చెప్పనక్కరలేదు. 1967 నాటి "యూ ఓన్లీ లివ్ ట్వైస్"లో అతడు జేబులో పట్టు చిన్న యంత్రముతో ఇనపపెట్టె తెరచినాడు. రెండేండ్ల తరువాత "ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్"లో పెద్ద పెట్టెవంటి యంత్రమును క్రేనుతో తెప్పించుకొని, అది పనిచేయుచున్నంతసేపు పత్రిక తిరగవేయుచు కూర్చున్నాడు. విచిత్రమేమనగా ఈ రెండింటిలో సత్యమునకు దగ్గరగా ఉన్నది ఆ మోటు యంత్రమే! అంకెల తాళమును ఒక్కొక్క కూర్పు చొప్పున తిప్పి చూచు యంత్రములు నిజముగానే ఉన్నవి. కాని వాటికి గంటలకొలది కాలము పట్టును.

ఇక పిన్నీసు మాట. నేడు మన ఇండ్లలో వాడు తాళములు పెక్కింటికి మూలము 1860 ప్రాంతమున అమెరికాలో లైనస్ యేల్ తీర్చిన సీలల తాళము. దాని సూత్రము మాత్రము ప్రాచీన ఈజిప్టు కొయ్య తాళములలోనే కలదు. లోపల గొట్టమువంటి భాగము, అందులో అయిదారు సన్నని సీలలు, ప్రతి సీలయు రెండు ముక్కలు, పైన స్ప్రింగు. సరియైన తాళంచెవి దూర్చినప్పుడు దాని పళ్ళు ఒక్కొక్క సీలను తగినంత ఎత్తుకు లేపును. సీలల అతుకులన్నియు ఒకే గీతమీదికి వచ్చినప్పుడు గొట్టము తిరుగును. అయితే, రంధ్రములన్నిటిని వెంట్రుకవాసి తేడా లేకుండ తొలచుట ఏ కర్మాగారమునకును సాధ్యము కాదు. ఆ వెంట్రుకవాసియే తాళము తీయువానికి ఆధారము.

కాని అందుకు పనిముట్లు రెండు కావలెను. ఒకటి గొట్టమును మెల్లగా తిప్పి పట్టుటకు, రెండవది సీలలను లేపుటకు. తెరమీద మనకు ఒక్క పిన్నీసే కనిపించును. కాబట్టి సినిమాలోని అసత్యము పనిముట్టులో కన్న కాలములో ఎక్కువ. వ్రేళ్ళకు తెలియవలసిన విద్యను కన్ను మూసి తెరచునంతలో ముగించుటయే అక్కడి ఇంద్రజాలము.

ఆ కాలమెంతయో 1851లో లండను మహాప్రదర్శన చూపినది. జోసెఫ్ బ్రామా అను శిల్పి చేసిన తాళమొకటి ఆ నగరపు అంగడి కిటికీలో అరువది ఏండ్లుగా సవాలు విసరుచుండెను. తెరచినవానికి బహుమానము 200 గినీలు. అమెరికానుండి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ దానిని తెరచినాడు. ఎంత కాలములో? పదునారు రోజులలో మొత్తము 51 గంటలు కూర్చుండి! అదే మనిషి ప్రసిద్ధమైన చబ్ తాళమును 25 నిమిషములలో తీసినాడు. తాళమునకు తాళమునకు గల తారతమ్యము అంతటిది.

నిజమైన గూఢచారుల మాటకు వస్తే, రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా వారి ఓ.ఎస్.ఎస్. సంస్థ తాళము తీయు సన్నని కొక్కెములు మడిచిపెట్టిన జేబుకత్తిని తన వారికి చేయించినది. అది కల్పన కాదు. కాని 1972 జూన్ 17 రాత్రి వాషింగ్టనులోని వాటర్‌గేట్ భవనమున పట్టుబడిన అయిదుగురి కథ చూడుడు. వారిలో తాళముల పని చేతనైనవాడును, ప్రభుత్వ గూఢచారి శాఖలో పనిచేసి వచ్చినవాడును ఉన్నారు. తలుపు గడియ పడకుండ వారు అంటించినది వట్టి అంటుపట్టీ! కావలివాడు దానిని చూచి తీసివేసినాడు. మరల వచ్చి చూడగా మరల అంటించి ఉన్నది. ఆ పట్టీయే పోలీసులను రప్పించినది. తుదకు 1974లో ఒక అధ్యక్షుని గద్దె దింపినది.

సైనికుల దారి వేరు. తలుపు వద్ద కూర్చుండి సీలలు లెక్కించు తీరిక వారికి లేదు. గొలుసు కత్తెర, గునపము, మందుగుండు వారి తాళంచెవులు. పిస్తోలుతో తాళమును పేల్చుట మాత్రము సినిమావారి సొత్తు. గుండు తగిలిన తాళము తరచు వంగి మరింత బిగిసికొనును. గుండు తిరిగి కాల్చినవానికే తగులవచ్చును. మన మన్యములో 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై పడిన అల్లూరి సీతారామరాజు దళమునకు కూడ తోడ్పడినది ఏ కొక్కెమును కాదు, ఎదుటివారు ఊహింపని సాహసము. పట్టుకొనిపోయిన ఆయుధముల పట్టీని స్టేషను పుస్తకములోనే వ్రాసి రాజు సంతకము చేసినట్లు ప్రసిద్ధి.

విద్యార్థులకు అన్నిటికన్న రుచించు ఉదాహరణ భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్‌ది. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో రహస్యపత్రముల బీరువాలకు మూడు అంకెల తాళములుండెను. సున్న మొదలు తొంబదితొమ్మిది వరకు అంకెలు. లెక్కకు పది లక్షల కూర్పులు. కాని అంకె రెండు గీతలు అటునిటైనను తాళము ఒప్పుకొనునని అతడు కనిపెట్టినాడు. అప్పుడు ఒక్కొక్క స్థానమునకు ఇరువదే చాలును: 20 × 20 × 20, అనగా 8,000. బీరువా తెరచియున్నప్పుడు చివరి రెండంకెలను వ్రేళ్ళతోనే గుర్తుపట్టగలిగెను. ఇక మిగిలినవి ఇరువది ప్రయత్నములే. ఒక శాస్త్రజ్ఞుని బీరువాకు అదియు అక్కరలేకపోయినది. గణితము తెలిసినవాడు ఏ అంకె పెట్టుకొనునా అని యోచించి, పై విలువ వేసి చూచి, అది కుదరక 27, 18, 28 తిప్పినాడు. సహజ సంవర్గమానముల మూలసంఖ్యలోని అంకెలవి. బీరువా తెరచుకొన్నది! ఓడినది ఇనుము కాదు, మనిషి అలవాటు.

అయితే తాళమెందుకు? ఈ ప్రశ్నకు ఉపాధ్యాయులకు తెలిసిన సమాధానమొకటి ఉన్నది. పరీక్ష ప్రశ్నపత్రముల కట్టకు సీలు వేయుదుము. ఆ సీలు ఎవరినీ ఆపలేదు. గోటితో గిల్లినను పగులును. కాని పగిలినదని చెప్పును. 1818 నాటి చబ్ తాళములో ఇదే యుక్తి: ఎవడైన కెలికినచో అది బిగిసికొని, యజమాని తాళంచెవి పెట్టగానే ఆ సంగతి తెలిపెడిది. మంచి తాళము చేయు పనులు రెండే: దొంగ కాలమును హరించుట, వచ్చినవాని జాడను నిలుపుట. తక్కినది మనిషి మెలకువ.

తోట యజమాని పిచ్చివాడు కాడు. తడికెను తన్నినచో చప్పుడగును, కాపలావాడు లేచును. తాళము విరిగినచో తెల్లవారగానే తెలియును. అతనికి కావలసినది అంతే. మన పొరుగు తమిళదేశపు దిండిగల్లులో చేతితో చేయు తాళములలో ఒక రకమునకు ఆకారమునుబట్టి మామిడికాయ పేరే పెట్టినారు. 2019లో దిండిగల్ తాళములకు భౌగోళిక గుర్తింపు లభించినది. మన తోటలకు అంతకన్న తగిన తాళమేమున్నది?

ఆ పిల్లవానికి మాస్టారు చెప్పిన జవాబు ఇది: "వస్తుంది నాయనా. పిన్నీసుకు కాదు, ఓపికకు వస్తుంది. అంత ఓపిక ఉన్నవాడికి దొంగతనంతో పనేముంది? తాళాలే చేసి బతకవచ్చు."