మీకు తెలుసా? నిద్రించు కారు సైతము విద్యుత్తును త్రాగును!

శిల్పుల యులిచప్పుళ్లతో మేలుకొను ఆళ్లగడ్డయందును, నంద్యాలయందును వేసవి తాపమునకు బ్యాటరీ శీఘ్రముగా క్షీణించుట నిజమే. అయినను పాత కారు తెల్లవారునప్పటికి కదలకున్నంతమాత్రమున క్రొత్త బ్యాటరీ కొనువారిని చూచి మనస్సు నొచ్చును. నిద్రించు కారు విద్యుత్తును త్రాగుచున్నదేమో ముందు పరీక్షింపవలయును. ఇంజను ఆపి, తలుపులు మూసి, కొంత తడవు తాళి, నెగటివ్ తీఁగను విప్పి, దానికిని బ్యాటరీకిని నడుమ ఆంపియర్లు కొలుచు మీటరును చేర్చి చూచినప్పుడు, సామాన్యముగా 50 మిల్లీఆంపియర్లకు లోఁబడవలసిన ప్రవాహము అర ఆంపియరుగా కనఁబడెనేని, 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు దినములైనను నిలువదు. పిమ్మట ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీయవలయును. దేనిని తీసినంతనే ఆ ప్రవాహము పడిపోవునో ఆ మార్గమందే దోషము కలదు. డిక్కీలో ఆరని దీపమే తఱచు కారణము. ఏ ఫ్యూజు తీసినను తగ్గనిచో ఆల్టర్నేటరు డయోడును శంకింపుఁడు. మీటరు నడుమ నుండఁగా మాత్రము స్టార్టరును త్రిప్పకుఁడు.