బోరు తగ్గితే మక్కకు ఏ తడి ముఖ్యం?

పాప్‌కార్న్, కార్న్‌ఫ్లేక్స్, వానాకాలం సాయంత్రం నిప్పుల మీద కాల్చిన కంకి... మొక్కజొన్నతో మనలో చాలామందికి ఇంతే పరిచయం. కానీ కోళ్ల దాణాలో ప్రధాన సరుకు ఇదే. అంటే మక్క చేను ఎండితే ఆ దెబ్బ గుడ్డు మీద కూడా పడుతుందన్నమాట.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నాన్న సిద్దిపేట వైపు యాసంగిలో బోరు కింద మక్క వేస్తారు. మాది చల్క నేల, నీళ్లు ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. ఎండలు ముదిరేసరికి బోరు కూడా తగ్గుతుంది. ఉన్న నీళ్లు ఎప్పుడు పెట్టాలన్నదే అసలు లెక్క.

మొక్క పైన వచ్చే జల్లు మగపువ్వు. కంకి చివర వేలాడే పీచు ఆడపువ్వులో భాగం. ఒక్కో పోగు ఒక్కో గింజకి కనెక్షన్ లాంటిది. దాని మీద పుప్పొడి పడితేనే అక్కడ గింజ కడుతుంది. బెట్ట వస్తే జల్లు దాదాపు టైమ్‌కే వస్తుంది, పీచు మాత్రం లేటవుతుంది. అది బయటికొచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. చివరికి మిగిలేది బోసినోటి కంకి! తర్వాత ఎన్ని తడులిచ్చినా ఆ గింజలు రావు.

అందుకే పూతకు అటూ ఇటూ కలిపి రెండు వారాలు కీలకం. ఆ తర్వాత గింజ పాలు పోసుకునే దశ. లేత వయసులో కాస్త బెట్టను మొక్క తట్టుకుంటుంది, అప్పుడు నీళ్లు నిలిస్తేనే ప్రమాదం. మధ్యాహ్నం ఆకులు చుట్టుకుంటే నీటిని కాపాడుకుంటోందని అర్థం. తెల్లారినా విప్పుకోలేదంటే దానికి నిజంగానే దాహం వేసినట్టు.

పంటకాలం మొత్తానికి కనీసం 500 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే, ఎకరాకు సుమారు 20 లక్షల లీటర్లు. డ్రిప్ ఉంటే వృథా తగ్గుతుంది. విత్తే తేదీ కూడా నీటి లెక్కే. డిసెంబర్ చివర్లో వేస్తే సరిగ్గా బోరు తగ్గే వేళకు పూత వస్తుంది. అక్టోబర్, నవంబర్‌లలో వేస్తే ఆ గండం తప్పుతుంది.

ఈసారి నాన్న మూడెకరాల్లో రెండే మక్క వేసి, ఒకటి నువ్వులకు వదిలారు. ఎందుకంటే, “చేను చిన్నగున్నా పర్లేదు, కంకి నిండాలె” అన్నారు. మూడెకరాలకు అరకొర తడుల కన్నా, రెండెకరాలకు పూతలో నిండు తడి మేలు.

మీ ఇంట్లోనూ మక్క ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు “జల్లు ఎప్పుడొస్తుంది, అప్పటికి బోరులో నీళ్లుంటాయా?” అని అడగండి.