గుటుక్కున మింగే కిటుకు!

జ్వరమొస్తే రెండ్రోజుల్లో తగ్గిపోతుంది. దెబ్బ తగిలితే వారంలో మానిపోతుంది. కానీ మాత్రంటే భయం పట్టుకుందా... ఇక ఆ ఇంట్లో మందు వేసే వేళైతే చాలు, ఓ చిన్నపాటి యుద్ధమే! ఆ భయాన్ని పోగొట్టడానికి కావాల్సినవల్లా కాసిన్ని చక్కెర గుళికలు, ఓ గ్లాసు నీళ్లు, అమ్మానాన్నల ఓపిక.

రాత్రి ఎనిమిదిన్నర. విజయవాడలో ఓ ఇల్లు. ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో మాత్ర పట్టుకుని వంటింట్లోంచి అమ్మ వస్తోంది. అంతే... అప్పటిదాకా బుద్ధిగా హోంవర్కు చేసుకుంటున్న ఎనిమిదేళ్ల బాబు ఒక్క దూకులో మంచం కిందికి దూరిపోయాడు.

'నా బంగారం కదూ... ఒక్క గుటక నాన్నా!' అని అమ్మ బతిమాలింది. 'మింగితే రేపు క్రికెట్ బ్యాట్ కొనిపెడతా' అని నాన్న ఆశపెట్టాడు. 'ముక్కు మూసి నోట్లో వేసెయ్యండి, అదే పోతుంది' అంది నాయనమ్మ. చివరికి జరిగిందీ అదే. మాత్ర లోపలికి వెళ్లింది... దాంతోపాటు తిన్న అన్నమంతా బయటికొచ్చింది.

ఇది ఒకరోజు ముచ్చట కాదు. ఆ బాబుకి మూర్ఛ వ్యాధి ఉంది. ఏడేళ్లు వచ్చేదాకా సిరప్‌తోనే నెట్టుకొచ్చారు. బరువు పెరిగేకొద్దీ మందు మోతాదూ పెరిగింది. దాంతో డాక్టరు మాత్ర రాశారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. మొదట్లో అమ్మ ఆ మాత్రను చెంచాతో నలిపి తేనెలో కలిపి పెట్టేది. సంగతి తెలిసి డాక్టరు కంగారుపడ్డారు. 'అలా చేయకూడదమ్మా, అది మెల్లమెల్లగా కరగాల్సిన మాత్ర' అన్నారు. అప్పట్నుంచీ మొదలైంది అసలు బాధ.

కొన్నాళ్లకి ఆశ్చర్యంగా ఇల్లు సర్దుకుంది. బాబు మారాం మానేశాడు. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, నోరు తెరిచి చూపించేవాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. ఆ తర్వాత ఓరోజు బడి నుంచి ఫోన్... క్లాసులో ఫిట్స్ వచ్చి పడిపోయాడని! ఆస్పత్రి నుంచి వచ్చాక మంచం జరిపి చూస్తే, గోడ వారగా పదకొండు మాత్రలు. బుగ్గన దాచి, అటు తిరిగి ఉమ్మేసినవి.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన తిట్టలేదు. ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. 'మాత్ర ఎలా మింగాలో బాబుకి ఎప్పుడైనా నేర్పారా?'

ఆలుమగలిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. మింగడం కూడా నేర్పాలా!

నేర్పాల్సిందే!

అన్నం కలుపుకోవడం నేర్పుతాం. చెప్పుల పట్టీ పెట్టుకోవడం నేర్పుతాం. సైకిలైతే వెనక పరుగెత్తి మరీ నేర్పుతాం. కానీ మాత్ర దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఇంత చిన్నది మింగలేవా?' అని గద్దిస్తాం.

పిల్లల వైపు నుంచి ఓసారి ఆలోచించండి. పళ్లొచ్చిన దగ్గర్నుంచీ మనం చెప్పిందేంటి? 'బాగా నమిలి మింగు, లేకపోతే గొంతుకి అడ్డం పడుతుంది' అనే కదా! రోజుకి మూడుపూటలా అదే పాఠం. ఓ రోజు హఠాత్తుగా గట్టి బిళ్ల ఒకటి నోట్లో పెట్టి 'నమలకుండా మింగెయ్' అంటే... ఆ చిన్న బుర్ర ఒప్పుకోదు. నాలుక వెనక భాగానికి ఏదైనా గట్టిది తగలగానే డోకు రావడం ఒంటికి పుట్టుకతో ఉన్న రక్షణ. గాలిగొట్టంలోకి ఏదీ పోకుండా చేసుకున్న ఏర్పాటు. అంటే పిల్లాడు మొండికేస్తున్నాడని మనం అనుకునేవాటిలో చాలా భాగం మొండితనం కాదు, భయం.

ఆ భయాన్ని పెంచేది బలవంతం. పెద్దవాళ్లకి ఉగ్గుగిన్నె రోజులు గుర్తుండి ముక్కు మూసి పోసేద్దామంటారు కానీ అది చాలా ప్రమాదం. ఏడుస్తున్న పిల్లలు గట్టిగా ఊపిరి పీలుస్తారు. ఆ సమయంలో మాత్రో, మందో గాలిగొట్టంలోకి పోయే అవకాశం ఉంది. ఒకవేళ క్షేమంగా కడుపులోకి వెళ్లినా, మాత్రంటే ఊపిరాడకపోవడం అన్న జ్ఞాపకం మిగిలిపోతుంది. అలాంటి జ్ఞాపకంతోనే పెద్దయి, నలభై ఏళ్లొచ్చినా మాత్రను నాలుగు ముక్కలు చేసుకుని మింగేవాళ్లు మన ఇళ్లలోనే ఉంటారు.

ఆవగింజంతతో మొదలు

డాక్టరు ఆ తల్లికి చెప్పిన పద్ధతి కొత్తదేమీ కాదు. క్యాన్సర్, హెచ్ఐవీ లాంటి జబ్బులకి ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన పిల్లలకి విదేశీ ఆస్పత్రుల్లో ఎప్పట్నుంచో నేర్పిస్తున్నదే. కేకు మీద చల్లే సన్నటి చక్కెర పలుకుతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా సైజు పెంచుకుంటూ మాత్రంత మిఠాయి దాకా వెళ్లడం... అంతే!

మనకైతే ఇంకా తేలిక. హోమియో మందుల షాపుల్లో మందు కలపని తెల్లటి చక్కెర గుళికలు వేర్వేరు సైజుల్లో దొరుకుతాయి. తియ్యగా ఉంటాయి, నోట్లో కరిగిపోతాయి. వేరుశనగ గింజలు, శనగలు, బఠాణీల్లాంటివి మాత్రం పొరపాటున కూడా వద్దు. అవి కరగవు. గాలిగొట్టంలో ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

సాధన ఎలా చేయించాలంటే...

* పిల్లలు ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. జ్వరంతో మూలుగుతున్నప్పుడు కాదు. కడుపు నిండుగా ఉన్నప్పుడూ వద్దు.

* రోజుకి అయిదు, పది నిమిషాలు చాలు. టీవీ కట్టేసి, నిటారుగా కూర్చోబెట్టాలి. పడుకునో, నవ్వుతూనో, పరుగెత్తుతూనో అసలు చేయకూడదు.

* ముందు రెండు గుక్కల నీళ్లు తాగించాలి. నోరు తడిగా ఉంటే గుళిక అంటుకోదు.

* అన్నిటికన్నా చిన్న గుళికను నాలుక మధ్యలో పెట్టి, నీళ్లు నోట్లోకి తీసుకుని ఒక్క గుటకలో మింగమనాలి. గ్లాసుతో కష్టమైతే స్ట్రా ఇవ్వండి. ధ్యాసంతా నీళ్లు పీల్చడం మీద ఉంటుంది. గుళిక సంగతి మర్చిపోతారు.

* ఒక సైజు నాలుగైదుసార్లు సునాయాసంగా మింగాకే తర్వాతి సైజు. ఇబ్బంది పడితే వెనక్కి, చిన్న సైజుకి రండి. మింగగలిగిన దాంతోనే ఆ పూట ఆట ముగించాలి.

* అమ్మానాన్నలూ పక్కన కూర్చుని మింగి చూపించాలి. పిల్లలు మన మాటకన్నా మన చేతను చూసి ఎక్కువ నేర్చుకుంటారు.

ఆరేడేళ్లొచ్చేసరికి చాలామంది ఇలా నేర్చుకోగలుగుతారు. కొందరికి ఇంకాస్త ముందే వస్తుంది. నాలుగేళ్లలోపు పసివాళ్లతో ఈ ప్రయత్నం వద్దు. ఇంట్లో చిన్న తమ్ముడో, చెల్లో ఉంటే గుళికల సీసా వాళ్లకి అందకుండా దాచాలి.

ఇంకో మాట. మాత్రను 'చాక్లెట్' అని చెప్పి పెట్టకండి. ఇవాళ మన పని సులువవుతుందేమో కానీ, రేపు ఎవరూ లేనప్పుడు ఆ 'చాక్లెట్ల' కోసం పిల్లలు మందుల డబ్బా తెరిస్తే? 'ఇది ప్రాక్టీసు కోసం మిఠాయి, అది మందు' అని విడమరిచి చెప్పాలి. ఇడ్లీ ముక్కలో చెప్పకుండా దాచి పెట్టడం కూడా అంతే. ఒక్కసారి పళ్లకింద చేదు తగిలిందంటే మాత్రతోపాటు ఇడ్లీ మీదా నమ్మకం పోతుంది. చెప్పి పెడితే ఫర్వాలేదు.

తల పైకా? కిందికా?

మాత్ర వేసుకోగానే తల వెనక్కి వాల్చడం మనందరికీ అలవాటు. నిజానికి అలా వాలిస్తే మింగడం ఇంకా కష్టం. తల నిటారుగా ఉంచడమే మేలు.

క్యాప్సూల్‌ది మరీ విచిత్రం. అది నీళ్లకన్నా తేలిక. తల పైకెత్తితే నోట్లోని నీళ్లమీద తేలి ముందుకే వస్తుంది కానీ గొంతులోకి పోదు. అందుకే నీళ్లు నోట్లోకి తీసుకున్నాక గడ్డాన్ని ఛాతీ వైపు వంచి మింగాలి. అప్పుడు క్యాప్సూల్ తేలుతూ నాలుక వెనక్కి చేరుతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 151 మంది పెద్దవాళ్లమీద ఈ పద్ధతిని పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు పదింట తొమ్మిదిసార్లు మింగడం సులువైందట! పిల్లల విషయంలో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకో దారి చూపారు. తల నిటారుగా, పైకి, కిందికి, కుడికి, ఎడమకి తిప్పి రెండువారాలు సాధన చేయిస్తే, ఎవరికి ఏది కుదురుతుందో వాళ్లకే తెలిసిపోతుంది.

పొడి చేయొచ్చా?

అన్నిటికీ ఒకటే జవాబు లేదు. మాత్ర పేరు పక్కన ఎస్ఆర్, సీఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ లాంటి అక్షరాలుంటే అది గంటల తరబడి కొద్దికొద్దిగా విడుదలయ్యే మందు అని అర్థం. పొడి చేస్తే ఆ మోతాదంతా ఒకేసారి ఒంట్లోకి చేరుతుంది. విజయవాడ బాబు విషయంలో డాక్టరు కంగారుపడింది అందుకే. కడుపులోని ఆమ్లానికి కరగకుండా పేగుల్లోకి వెళ్లాల్సిన పూత మాత్రలూ ఉంటాయి. వాటినీ నలపకూడదు. కాబట్టి పొడి చేసేముందు, సగానికి విరిచేముందు, క్యాప్సూల్ ఊడదీసేముందు డాక్టర్నో, మందుల షాపులో ఫార్మసిస్టునో అడగడం తప్పనిసరి.

దేంతో మింగాలన్నదీ అంతే ముఖ్యం. మెత్తటి అరటిపండు గుజ్జు, పెరుగు లాంటివి చెంచాడు తీసుకుని అందులో పెడితే మాత్ర జారిపోతుంది. అయితే డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌ని పాలు, పెరుగుతో ఇస్తే మందు సరిగా ఒంటబట్టదు. ఐరన్ మాత్రకి పాలు, టీ పనికిరావు. కొన్ని మాత్రలు పరగడుపునే వేసుకోవాలి. చేదు భరించలేని పిల్లలకి మింగబోయేముందు చిన్న ఐసుముక్క చప్పరించమని ఇస్తే నాలుక కాస్త మొద్దుబారి రుచి తెలియదు.

అసలు మాత్రే వద్దు, వేరే మార్గముందా అని అడగడమూ తప్పుకాదు. విరేచనాలప్పుడు ఇచ్చే జింక్ మాత్ర చెంచాడు నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. పిల్లల క్షయకి ఇచ్చే మందులూ ఇప్పుడు నీళ్లలో కలిపే మాత్రలుగా వస్తున్నాయి.

బడిలో ఇచ్చేవి...

అయిదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకి వారానికో గులాబీ రంగు ఐరన్ మాత్ర, పదేళ్లు దాటినవాళ్లకి నీలం రంగుది... 2018లో మొదలైన రక్తహీనత నివారణ కార్యక్రమం కింద బడుల్లో ఇస్తున్నారు. మింగలేని పిల్లలు చాలామంది వాటిని జేబులో వేసుకుని దారిలో పారేస్తారు. ఇంట్లో నేర్పితే బడిలో ఆ ఇబ్బందుండదు.

నులిపురుగుల మాత్ర అల్బెండజోల్ కథ వేరు. అది మింగేది కాదు, నమిలేది. 2007లో ఇథియోపియాలో ఈ మాత్ర గొంతులో ఇరుక్కుని మూడేళ్లలోపు పిల్లలు నలుగురు చనిపోయారు. అప్పట్నుంచీ చిన్నపిల్లలకి పొడి చేసి నీళ్లలో కలిపే ఇవ్వాలని, బలవంతపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ గట్టిగా చెబుతోంది. మన దగ్గరా మూడేళ్లలోపు వాళ్లకి పొడి చేసే ఇవ్వాలి. ఏడాది నుంచి రెండేళ్లలోపు వాళ్లకైతే సగం మాత్రే.

పిల్లలు మాత్రే కాదు... అన్నం, నీళ్లు మింగడానికీ ఇబ్బంది పడుతున్నా, తింటుంటే తరచూ పొలమారుతున్నా అది భయం కాకపోవచ్చు. డాక్టరుకి చూపించాలి.

ఇంతకీ ఆ బాబు ఏమయ్యాడంటారా? మొదటిరోజు ఆవగింజంత గుళిక మింగడానికే పావుగంట పట్టింది. నాలుగోరోజు అమ్మతో పందెం వేశాడు. మధ్యలో ఓసారి డోకు వచ్చి మళ్లీ మొదటికొచ్చారు. నేర్చుకునేదాకా మందు ఎలా వేయాలో డాక్టరే చెప్పారు. పదహారో రోజు రాత్రి, అసలు మాత్రను నాలుక మీద పెట్టుకుని, స్ట్రాతో నీళ్లు పీల్చి, గుటుక్కున మింగేశాడు. ఓ క్షణం తనే నమ్మలేదు. నోరు తెరిచి, నాలుక ఎత్తి, రెండు బుగ్గలూ చూపించాడు.

మంచం ఇప్పటికీ గోడ వారనే ఉంది. వాళ్లమ్మ అప్పుడప్పుడూ జరిపి చూస్తుంది. ఏమీ ఉండదు. మొన్నామధ్య నాయనమ్మ తన బీపీ బిళ్ల మింగలేక తల వెనక్కి వాలిస్తే, వాడే దగ్గరికెళ్లి చెప్పాడట... 'నాయనమ్మా, అలా కాదు. తల తిన్నగా పెట్టు. ముందు రెండు గుక్కలు నీళ్లు తాగు!'

గొంతుకి అడ్డం పడితే...

* పిల్లలు గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దానంతట అదే బయటికొస్తుంది. నోట్లో వేలు పెట్టి వెతక్కండి. మాత్ర ఇంకా లోపలికి పోతుంది.

* దగ్గలేక, మాట రాక, రంగు మారుతుంటే వెంటనే ముందుకి వంచి, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచాలి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి అయిదుసార్లు లోపలికి, పైకి నొక్కాలి. బయటికొచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

* ఏడాదిలోపు పసికందులకి పొట్ట నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికుండేలా బోర్లా పడుకోబెట్టి వీపుమీద అయిదుసార్లు చరచాలి. తర్వాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు నొక్కాలి.

* మింగాక మాత్ర గొంతులోనే ఉన్నట్టనిపిస్తే ఇంకొన్ని నీళ్లు తాగించి, ఓ అరటిపండు ముక్క నమిలి మింగమనండి. మాత్ర వేసుకున్న వెంటనే పడుకోనివ్వొద్దు.

* మాత్ర వేసుకున్నాక వాంతి అయితే మీ అంతట మీరే మరోటి వేయకండి. డాక్టర్ని అడగండి.