చెక్క పడవకు ఆయుష్షు పోసే శాస్త్రం

పైకి చూస్తే పడవ గట్టిగానే ఉంటుంది. రంగు చెదరదు, పలక వంగదు. అనుభవం ఉన్న వడ్రంగి సుత్తితో తట్టి చూస్తే మాత్రం డొల్ల శబ్దం వస్తుంది. ఆ పలకను కోస్తే లోపలంతా సొరంగాలే కనిపిస్తాయి.

ఈ పని చేసేది ఓడపురుగు. పేరులో పురుగు ఉన్నా, నిజానికి ఇది ఆల్చిప్పలకు బంధువైన మెత్తని జీవి. పిల్లదశలో సూదిమొనంత రంధ్రం చేసుకుని చెక్కలోకి చేరుతుంది. తలవైపున్న రెండు చిన్న చిప్పలను ఆకురాయిలా వాడుతూ చెక్కను గీరుకుంటూ లోపలే పెరుగుతుంది. చెక్కలోని సెల్యులోజ్‌ను అరిగించే ఎంజైములను దాని మొప్పల్లో ఉండే బ్యాక్టీరియా అందిస్తాయి. దారి లోపలే ఉంటుంది కనుక నష్టం బయటికి తెలియదు.

చాలా జాతుల ఓడపురుగులు మంచినీటిలో ఎక్కువకాలం బతకలేవు. ఎండలో ఆరిన చెక్కలోనూ నిలవలేవు. పడవను ఒడ్డుకు లాగి ఆరబెట్టడం, నదిలోపల కట్టేయడం వంటి పాత అలవాట్ల వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

కోరంగి నేర్పిన పాఠం

గోదావరి పాయ మీద, కాకినాడకు దగ్గరలో ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరున్న రేవు. 19వ శతాబ్దం తొలినాళ్లలో అక్కడ ఓడల మరమ్మతుకు డాక్ కూడా ఉండేది. 1789, 1839 తుపానులు ఆ ఊరిని దెబ్బతీశాయి. ఇసుక మేటలు రేవును పూడ్చాయి. పక్కనే ఉన్న తాళ్లరేవులో మాత్రం పడవలు కట్టే వృత్తి కొనసాగింది.

ఓడ మరమ్మతుకు వడ్రంగి ఒక్కడు చాలడు. చేవదేరిన టేకు కావాలి, కొబ్బరిపీచు కావాలి, గుగ్గిలం, నూనె, మేకులు కావాలి. వీటిలో ప్రతిదానికీ ఒక కారణం ఉంది. పలకల సందుల్లో కూరిన పీచు, తడిసి ఉబ్బిన చెక్క మధ్య బిగుసుకుని నీటిని ఆపుతుంది. అందుకే చాలాకాలం ఒడ్డున ఆరిన పడవ నీటిలో దించిన మొదట్లో కాస్త కారుతుంది. గుగ్గిలం ఒక్కటే పూస్తే గట్టిపడి పగులుతుంది. నూనె కలిపితే సాగే గుణం వచ్చి, పలకలు కదిలినా పూత ఊడిపోదు. కొబ్బరిపీచులో లిగ్నిన్ ఎక్కువ కాబట్టి ఉప్పునీటిలోనూ త్వరగా కుళ్లదు.

మేకుతోనూ చిక్కే

ఓడపురుగును ఆపడానికి 1761లో బ్రిటిష్ నౌకాదళం ‘అలారం’ అనే ఓడ అడుగుకు రాగిరేకు తొడిగింది. పురుగు ఆగింది కానీ, ఉప్పునీటిలో రాగి పక్కనున్న ఇనుప మేకులు తినేసినట్టు తుప్పుపట్టాయి. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే బ్యాటరీలా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఆ జంటలో నష్టపోయేది ఇనుమే. పడవలో ఏ మేకు పక్కన ఏ లోహం ఉందో చూడటం నేటికీ మరమ్మతులో ముఖ్యమే.

మన తీరంలోని మసూలా పడవల్లో అసలు మేకులే ఉండవు. పలకలను కొబ్బరితాడుతో కుడతారు. ఒడ్డున విరిగే అలల దెబ్బకు పడవ పగిలిపోకుండా కాస్త వంగుతుంది. అయితే కుట్లు అరిగినప్పుడల్లా విప్పి మళ్లీ కుట్టాలి. అది తెలిసిన చేతులు ఉండాలి.

చేతులు తగ్గితే

2004 సునామీ తర్వాత మన తీరాల్లో ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. వాటిని ఓడపురుగు తినలేదు, నిర్వహణా తేలిక. మత్స్యకారుల ఎంపికలో తప్పు లేదు. మరోవైపు చెక్కను మందులతో శుద్ధిచేసి మన్నిక పెంచే పరిశోధనలు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థలో జరిగాయి. చౌకగా దొరికే రబ్బరు చెక్కను పడవలకు పనికొచ్చేలా చేయడం వాటిలో ఒకటి.

చెక్క పడవలు తగ్గినకొద్దీ వాటిని బాగుచేసే నైపుణ్యం కూడా కనుమరుగవుతుంది. అజంతా చిత్రంలోని ఓడ ఆధారంగా కుట్టుఓడ ‘కౌండిన్య’ను నిర్మించినప్పుడు ఆ సంగతి స్పష్టమైంది. నమూనా పరీక్షల్లో ఐఐటీ మద్రాస్ తోడ్పడింది. కానీ పలకలను కుట్టడానికి కేరళకు చెందిన బాబు శంకరన్ నేతృత్వంలోని సంప్రదాయ పనివారే కావలసివచ్చారు. 2025 మే 21న కార్వార్‌లో ఆ ఓడ నౌకాదళంలో చేరింది.

బొమ్మ చూసి ఓడ ఆకారాన్ని మళ్లీ గీయవచ్చు. ఏ సందులో పీచు ఎంత బిగువుగా కూరాలో, సుత్తి శబ్దంలో తేడా ఏమిటో బొమ్మలో దొరకదు. ఆ పని తెలిసినవారు ఉండగానే దాన్ని నమోదు చేసుకోవాలి, కొత్తవారికి నేర్పించాలి. తాళ్లరేవు లాంటి ఊళ్లకు అందుకు ఇంకా అవకాశం ఉంది.