చేతికి కట్టుకునే కాపలాదారు: తక్కువ ఖర్చులో డైవ్ కంప్యూటర్ ఎంచుకోవడం ఎలా?

పోయిన వార్షికోత్సవానికి హాస్టల్‌కు వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు నా చేతికున్న లావుపాటి గడియారం చూసి, "అన్నా, గిదేం వాచీ? గింత పెద్దగున్నది!" అని అడిగాడు. "ఇది వాచీ కాదురా, నీళ్లల్లకు దిగేటోళ్ల కంప్యూటర్" అన్నాను. వాడు పకపకా నవ్వి, "నీళ్లల్ల కంప్యూటర్ ఎందుకన్నా? మేం రోజూ బాయిల దుంకుతం, మాకేమైతుంది?" అన్నాడు. బస్సుకు టైమవుతుండటంతో సరైన జవాబు చెప్పకుండానే వెళ్లిపోయాను. ఈసారి సంచికకు ఏదైనా రాయమని అడిగారు కాబట్టి ఆ జవాబే రాస్తున్నాను.

బావి వేరు, సముద్రం వేరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చిన మనలో చాలామందికి ఈత వచ్చింది మోటబావుల్లోనే. నడుముకు బెండు కట్టుకుని మొదలుపెట్టి, తర్వాత గట్టు మీది నుంచి దూకి అడుగున మట్టి తెచ్చి చూపించేవాళ్లం. అక్కడ మనం వాడేది ఒక్క ఊపిరి. నిమిషంలోపు పైకి వచ్చేస్తాం కాబట్టి ఆ కొద్దిపాటి గాలితో మామూలుగా ఈ సమస్య రాదు.

స్కూబా డైవింగ్ అలా కాదు. వీపుకు సిలిండర్ కట్టుకుని నీళ్లలో ముప్పావు గంట సేపు గాలి పీలుస్తూనే ఉంటాం. సముద్రంలో 10 మీటర్లు దిగితే మన మీద ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. 20 మీటర్లకు మూడు రెట్లు, 30 మీటర్లకు నాలుగు రెట్లు. మనం పీల్చే గాలి కూడా అంత ఒత్తిడితోనే వస్తుంది. గాలిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నైట్రోజన్. శరీరం దాన్ని వాడుకోదు. ఒత్తిడి పెరిగిన కొద్దీ అది రక్తంలో, కొవ్వులో, నరాల్లో కరిగి నిలువ ఉంటుంది.

గోలీ సోడా గుర్తు చేసుకోండి. గోలీ నొక్కేదాకా సీసాలో గ్యాస్ ఉన్నట్టే కనపడదు. నొక్కగానే బుసబుసమని నురగ పొంగుతుంది. లోతు నుంచి తొందరపడి పైకి వచ్చిన మనిషి ఒంట్లో జరిగేదీ ఇంచుమించు అదే. నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్ల నొప్పులు పుట్టిస్తుంది. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లు పడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. డైవర్లు దీన్ని 'బెండ్స్' అంటారు.

ఇంకో మాట. బావిలో ఊపిరి బిగబట్టడం మనకు అలవాటు. సిలిండర్ గాలి పీలుస్తూ ఊపిరి బిగబట్టి పైకి వస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లిపోతాయి. స్కూబాలో మొదటి పాఠం ఇదే: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు.

కూలీల కష్టం, మేకల పుణ్యం

ఈ జబ్బు మొదట పట్టింది షోకుగా ఈత కొట్టేవాళ్లకు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో నదుల అడుగున, గాలి ఒత్తిడి నింపిన పెట్టెల్లో కూర్చుని వంతెనల పునాదులు తవ్విన కూలీలకు. న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెన కడుతున్నప్పుడు ఎందరో కూలీలు దీని బారిన పడ్డారు. 1872లో చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా ఇదే జబ్బుతో మంచం పట్టాడు. చివరికి 1908లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత లోతులో ఎంతసేపు ఉంటే ఎలా పైకి రావాలో పట్టికలు ప్రకటించాడు. ఈనాటి డైవ్ కంప్యూటర్ల లెక్కలకు మూలం అక్కడే ఉంది.

కంప్యూటర్ చేసే పని

పట్టిక లెక్క మోటు లెక్క. ఎక్కువమంది నేర్చుకునే పాడి సంస్థ పట్టిక ప్రకారం మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలు ఉండవచ్చు. మీరు 18 మీటర్లకు ఐదు నిమిషాలే దిగి, మిగతా సమయమంతా 8 మీటర్ల దగ్గర తిరిగినా, పట్టిక మాత్రం అంతసేపూ 18లోనే ఉన్నారని లెక్క కడుతుంది. మన మెస్ బిల్లుతో పోల్చితే సులువుగా అర్థమవుతుంది. పట్టిక నెల మొత్తానికి చార్జీ రాస్తుంది. కంప్యూటర్ ఏ పూటకు ఆ పూట హాజరు చూసి రాస్తుంది.

కొన్ని సెకన్లకోసారి లోతు కొలిచి, ఒంట్లో నైట్రోజన్ ఎంత చేరి ఉంటుందో అది అంచనా కడుతుంది. ఈ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉండవచ్చో చూపిస్తుంది. వేగంగా పైకి వస్తే బీప్ కొడుతుంది. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రావాలి. చివర 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమని గుర్తు చేస్తుంది. పొద్దున దిగిన లెక్కను మధ్యాహ్నం డైవ్‌కు కలుపుకుంటుంది.

అందరూ కొనాలా?

అక్కర్లేదు. విశాఖ రుషికొండలోనో, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో సరదాగా ఒక్కసారి దిగేవాళ్లను శిక్షకుడు పట్టుకుని తీసుకెళ్తాడు. ఆ లోతు 12 మీటర్లు దాటదు. అక్కడ మీకు సొంత కంప్యూటర్ అవసరం లేదు. కోర్సు చేస్తున్నప్పుడు అద్దెకు తీసుకోండి. సర్టిఫికెట్ వచ్చాక ఏటా పదిసార్లైనా దిగేవాళ్లు, డైవింగ్‌నే బతుకుదెరువు చేసుకోవాలనుకునేవాళ్లు మాత్రం కొనుక్కోవాలి.

ఏం చూసి కొనాలి?

1. అంకెలు పెద్దగా ఉండాలి. మసక నీళ్లలో, అద్దం లోంచి, ఒక్క చూపులో లోతు, మిగిలిన నిమిషాలు తెలియాలి.

2. బ్యాటరీ మనమే మార్చుకోగలిగితే మంచిది. బిళ్ల బ్యాటరీ మామూలు షాపుల్లో దొరుకుతుంది. నీరు చొరకుండా ఉండే రబ్బరు రింగును కూడా అప్పుడప్పుడు మార్చాలి.

3. నైట్రాక్స్ సౌకర్యం ఉండాలి. ఆక్సిజన్ శాతం పెంచిన ఆ గాలిని వాడటం రేపు నేర్చుకున్నా మళ్లీ కొత్తది కొనే పని ఉండదు.

4. ఎత్తు ప్రాంతాల సెట్టింగ్, మంచినీరు–ఉప్పునీరు మార్చే సెట్టింగ్ ఉండాలి. రెండు నీళ్ల బరువు ఒకటి కాదు, లోతు లెక్కలో కొద్ది తేడా వస్తుంది.

5. లెక్కను ఇంకా జాగ్రత్త వైపు మార్చుకునే వీలుండాలి. అలసటగా ఉన్నరోజు పనికొస్తుంది.

రంగుల తెర, బ్లూటూత్, సిలిండర్ గాలిని తీగ లేకుండా చూపించే యంత్రం, ఇవన్నీ సౌకర్యాలే. వీటికే ధర పెరుగుతుంది. సిలిండర్ గాలి చూపించే మీటర్ రెగ్యులేటర్ గొట్టానికి ఎలాగూ ఉంటుంది. క్రెస్సీ లియొనార్డో, సుంటో జూప్ నోవో, మారెస్ పక్ ప్రో వంటివి కొత్తవాళ్లు ఎక్కువగా కొన్న సాదా రకాలు. ఈ తరగతివి విదేశాల్లో అటూ ఇటుగా 200 డాలర్లు పలుకుతాయి. ఇక్కడికి వచ్చేసరికి పన్నులు కలిసి ఇంకా పైమాటే. ఖరీదైనవాటిలోనూ ఉండేది ఇదే రకం లెక్క. పది మీటర్ల నీళ్లకు పేదోడు, ఉన్నోడు తేడా తెలియదు.

ఒక హెచ్చరిక. వాచీ మీద 'వాటర్ రెసిస్టెంట్ 50 మీటర్లు' అని ఉంటే అది డైవింగ్‌కు పనికొస్తుందని కాదు. చేతులు కడుక్కున్నా, ఈత కొట్టినా పాడు కాదని మాత్రమే. అది నైట్రోజన్ లెక్క కట్టదు.

నేను చేసిన తప్పు

మొదట్లో డబ్బులు మిగులుతాయని ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర సగం ధరకు పాతది కొన్నాను. మూడో డైవ్‌లో 14 మీటర్ల దగ్గర తెర మీద అంకెలు మాయమయ్యాయి. తోడున్నవాడికి సైగ చేసి, ఇద్దరం మెల్లగా పైకి వచ్చి బతికిపోయాం. తర్వాత విప్పి చూస్తే బ్యాటరీ గదిలో ఉప్పు పేరుకుపోయి ఉంది. పాతది కొనేటట్టయితే బ్యాటరీ గది తెరిచి చూడండి. ఒకసారి నీళ్లలో పరీక్షించాకే డబ్బులివ్వండి.

ఇద్దరికి ఒకటే కంప్యూటర్ కూడా కుదరదు. ఒకరి లెక్క ఇంకొకరికి సరిపోదు. ఇద్దరి కంప్యూటర్లు వేర్వేరు మాట చెబితే, ముందు పైకి రమ్మన్నదాని మాట వినాలి.

అరకు వెళ్లే ముందు

మనవాళ్లు విశాఖ వెళ్తే జలాంతర్గామి మ్యూజియం చూసి, సముద్రంలో దిగి, అదేరోజు అరకు ఎక్కాలనుకుంటారు. బొర్రా గుహల దగ్గరే ఎత్తు 700 మీటర్లు. ఆ దారిలోని శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లిన కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, అంటే గోలీ ఇంకోసారి నొక్కినట్టే. విమానం ఎక్కాలంటే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత కోసం పనిచేసే డాన్ సంస్థ చెబుతుంది. ఘాట్ రోడ్డుకూ ఆ జాగ్రత్తే పాటిస్తే మంచిది. అరకు ముందు చూడండి, సముద్రం తర్వాత.

చివరిగా, నాగార్జునసాగర్, శ్రీశైలం నీళ్లలో కంప్యూటర్ ఉంది కదా అని దిగకండి. తూముల లాగుడు, వలలు, చీకటి, మొసళ్లు ఏ కంప్యూటర్‌కూ తెలియవు.

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. వాళ్ల శిక్షణ మొదలైంది మన భువనగిరి గుట్ట మీదనే. అంత పైకి వెళ్లిన మనవాళ్లు లోతుకూ వెళ్లగలరు. ఎక్కినా దిగినా, తిరిగి ఇంటికి వస్తేనే లెక్క. తమ్ముడూ, బాయిల దుంకు, తప్పులేదు. సముద్రంల దిగిననాడు మాత్రం చేతికి ఇది కట్టుకో, అది చెప్పినట్టు విను.