కేకుతో అంతరిక్షనౌక

శ్రీకాకుళం జిల్లాలో వంశధారా నది బంగాళాఖాతమున కలియుచోట కళింగపట్నము కలదు. ఒకప్పుడిది పేరుగన్న ఓడరేవు. ఓడల రాకపోకలు నిలిచిపోయినను దీపస్తంభము నేటికిని నిలిచియున్నది. ఇచ్చటి గాలిలో తేమ మెండు. డబ్బా మూత తెరచియుంచినచో ఉప్పు నీరుకారును, బెల్లము చెమర్చి మెత్తబడును. ఇట్టి ఊరిలో పుట్టినరోజు వేడుకకు అంతరిక్షనౌక ఆకారముగల కేకును చేయదలచినవారు రంగులకంటె ముందుగా గాలిని గురించి ఆలోచింపవలెను.

తీపిపదార్థములకు రూపము కల్పించుట తెలుగువారికి క్రొత్త కాదు. పెండ్లి సారెలలో పంచదార చిలుకలను చూడనివారుండరు. రెండు చెక్క అచ్చులను నీట తడిపి, జతచేసి బిగించి, కాగిన పాకమును అందు పోయుదురు. పాకము చల్లారుకొలది చక్కెర స్ఫటికములై గట్టిపడును. అచ్చులోని గీతలన్నియు దానిపై తేలును. కేకు అట్టిది కాదు. అది పొంగు పదార్థము గావున సన్నని గీతలను నిలుపుకొనజాలదు. దానిని ముందు పలకవలె కాల్చి, పిమ్మట కోసి రూపము తేవలెను.

మైదాపిండి, చక్కెర, వెన్న ఒక్కొక్కటి 200 గ్రాములు, కోడిగ్రుడ్లు 4, బేకింగ్ పౌడరు 2 చిన్న చెంచాలు కావలెను. వెన్నను, చక్కెరను తెల్లబడువరకు గిలకొట్టినచో వానిలో సన్నని గాలిబుడగలు చేరును. గ్రుడ్లను ఒక్కొక్కటిగా కలిపి, తుదకు పిండిని, బేకింగ్ పౌడరును మెల్లగా కలుపవలెను. అప్పుడు మిక్కిలి గిలకొట్టినచో పిండిలోని జిగురు బలపడి కేకు గట్టిపడును. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పుగల పళ్లెమున దీనిని పోసి, పెద్దల సాయముతో 180 డిగ్రీల వేడిగల ఓవెన్‌లో సుమారు 25 నిమిషములు కాల్చవలెను. వేడికి బేకింగ్ పౌడరు నుండి బొగ్గుపులుసు వాయువు వెలువడి ముద్దను పొంగించును. గ్రుడ్డు, పిండి గట్టిపడి ఆ పొంగును నిలుపును. నడుమ గ్రుచ్చిన పుల్లకు తడి అంటకున్నచో కేకు ఉడికినట్లే.

ఇక ఆకారము. 2023 జూలై 14వ తేదీన శ్రీహరికోట నుండి చంద్రయాన్-3ను కొనిపోయిన రాకెట్టు ఎత్తు 43.5 మీటర్లు, దాని నడిమి భాగపు అడ్డుకొలత 4 మీటర్లు. కేకును అదే పాళ్లలో నిలువబెట్టినచో, 43 సెంటీమీటర్ల ఎత్తునకు 4 సెంటీమీటర్ల మందమే యుండును. అంత మెత్తని పదార్థము తన బరువునకే వంగి కూలును. లోహమునకు చెల్లినది కేకునకు చెల్లదు. కావున నౌకను పరుండబెట్టుటయే మేలు.

వేడి కేకును కోసినచో పొడియగును. పూర్తిగా చల్లారిన పిదప దానిని 10 సెంటీమీటర్ల వెడల్పుగల రెండు పట్టీలుగా కోసి, నడుమ వెన్న పూసి, ఒకదానిపై నొకటి పేర్చవలెను. ఒక చివర అంచు నడుమనుండి ఇరుప్రక్కలకు ఏటవాలుగా కోసినచో నౌకకు ముక్కు ఏర్పడును. తెగిన రెండు త్రికోణపు ముక్కలను వెనుక చివర ఇరుప్రక్కల అతికించినచో అవే రెక్కలగును. ఏ ముక్కయు వ్యర్థము కాదు.

అలంకరణమున అసలైన పరీక్ష కలదు. వెన్న 30 డిగ్రీల వేడిమి దాటినకొలది మెత్తబడి జారును. చక్కెర గాలిలోని తేమను పీల్చును. ఫ్రిజ్ నుండి తీసిన కేకుపై తేమగాలి నీటిబొట్లుగా మారగా రంగులు కారును. మూసిన పెట్టెలో కొంతసేపుంచి తీసినచో ఆ చెమ్మ పెట్టెకే పట్టును. మొదట పలుచని వెన్నపూత పూసినచో పొడి అణగును; దానిపై రెండవ పూత నునుపుగా వచ్చును. కిటికీలకు బిస్కత్తులు, దీపములకు జీడిపప్పులు చాలును. గుండుసూదులు, తీగలు, తళుకు కాగితములు ఎన్నడును వాడరాదు. తినువాని గొంతున గ్రుచ్చుకొను సొగసు సొగసు కానేరదు.

రూపమును ఊహించుట ఎవరికైనను సులభమే. పదార్థముయొక్క గుణమును, పనిచేయు చోటి గాలిని ఎరిగి దానిని నిలుపుట నేర్పు. చంద్రునికి నౌకను పంపువారును, పళ్లెమున నౌకను తీర్చువారును ఈ ఒక్క పాఠమునే చదువవలెను.