బోర్డు చదివితేనే ఊరు చేరేది!

* జబ్బున్న చోటికి రక్షక కణాలను నడిపించే 'కీమోకైన్లు'
* తిరువళ్లూరు పల్లెలు ప్రపంచానికి నేర్పిన టీబీ పాఠం

తిరుత్తణి: ఇక్కడి బస్టాండులో కాసేపు నిలబడి చూడండి. నగరి, పుత్తూరు, తిరుపతి వైపు పోయే ఆంధ్రా బస్సులకు తెలుగు బోర్డు. అరక్కోణం, చెన్నై పోయే బస్సులకు తమిళ బోర్డు. రెండూ చదవగలిగినవారికి దిగుల్లేదు. ఒక్కటే వచ్చినవారు ఆ బస్సే ఎక్కుతారు. ఏదీ రాకపోతే పక్కవాణ్ని అడగాల్సిందే.

మన ఒంట్లోని తెల్ల రక్తకణాల సంగతీ అంతే. సూక్ష్మక్రిమి ఎక్కడ దూరిందో వాటికి ముందుగా తెలియదు. అక్కడి కణాలు కొన్ని చిన్న ప్రోటీన్లను విడుదల చేస్తాయి. అవే కీమోకైన్లు. ఒకరకంగా బోర్డులన్న మాట. తెల్ల కణం పైపొరలో వాటిని చదివే గ్రాహకాలు ఉంటాయి. ఏ గ్రాహకం ఉంటే ఆ బోర్డే చదువుతుంది. మనిషిలో కీమోకైన్లు నలభైకి పైనే. చదివే గ్రాహకాలు ఇరవై దాకా.

చేతి మీద కనిపించే రుజువు

ఇదంతా కంటికి కనిపించేదా అంటే, కనిపిస్తుంది. టీబీ అనుమానంతో ముంజేతికి వేసే మాంటూ సూది చాలామందికి తెలిసిందే. వేసిన రోజు ఏమీ ఉండదు. రెండు మూడు రోజులకు గట్టిగా ఉబ్బుతుంది. నర్సు స్కేలు పెట్టి కొలుస్తారు. ఆ ఉబ్బు సూది మందు కాదు. టీబీ క్రిమిని ఇదివరకే ఎరిగిన టీ కణాలు, వాటి వెంట వచ్చిన ఇతర కణాలు గుమిగూడిన చోటు అది. రక్తంలో కొట్టుకుపోతున్న కణం రక్తనాళం గోడకు తగిలి దొర్లుతుంది. గోడ మీద కీమోకైన్‌ను చదవగానే గట్టిగా అతుక్కుంటుంది. గోడ సందులోంచి దూరి, కీమోకైన్ ఎక్కువగా ఉన్న వైపు పాకుతుంది. ఆ ఉబ్బు వెనుక జరిగేది ఇదే.

చదువు మారుతుంది

ఊపిరితిత్తుల్లోకి టీబీ క్రిమి చేరితే ఏమవుతుంది? సీసీఆర్2 ఉన్న మోనోసైట్లు పరుగున వస్తాయి. క్రిమి ముక్కలను పట్టుకున్న డెండ్రిటిక్ కణం సీసీఆర్7 అనే గ్రాహకాన్ని తెచ్చుకుని దగ్గర్లోని లింఫు గ్రంథికి బయల్దేరుతుంది. అక్కడ టీ కణాలకు శత్రువును చూపిస్తుంది. అలా తయారైన టీ కణాలు చాలావరకు సీసీఆర్7ను వదిలేసి సీఎక్స్‌సీఆర్3, సీసీఆర్5 వంటివి తగిలించుకుంటాయి. ఇక వాటికి గ్రంథి బోర్డు కనిపించదు. వాపున్న చోటి బోర్డే కనిపిస్తుంది.

టీబీ విషయంలో ఈ ప్రయాణం నిదానం. మాంటూ పరీక్షలో తేడా కనిపించాలంటే సోకాక కొన్ని వారాలు పడుతుంది. ఆలోగా క్రిమి స్థిరపడుతుంది.

3.6 లక్షల మంది చాపిన చేయి

బీసీజీ టీకా మన ప్రాంతానికి కొత్త కాదు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె శానటోరియం చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ 1950లలోనే దీన్ని పరీక్షించారు. అసలు పెద్ద పరీక్ష జరిగింది మాత్రం ఇక్కడే. 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్లూరు చుట్టుపక్కల పల్లెల్లో భారత వైద్య పరిశోధన మండలి దీన్ని మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం తోడయ్యాయి. 1971 వరకు దాదాపు 3.6 లక్షల మందిని నమోదు చేశారు. కొందరికి బీసీజీ, కొందరికి మందు లేని సూది.

ఏడున్నరేళ్ల తర్వాత 1979లో వెలువడిన ఫలితం అందరినీ కంగు తినిపించింది. పెద్దల ఊపిరితిత్తుల టీబీని టీకా ఆపలేదు! పదిహేనేళ్లు చూసినా అదే మాట. పిల్లల్లో మాత్రం కొద్దిపాటి రక్షణ కనిపించింది. మట్టిలో, నీళ్లలో ఉండే టీబీ జాతి ఇతర క్రిములు ముందే సోకి ఉండడం ఒక కారణమని శాస్త్రవేత్తలు భావించారు.

ఆనాటి పసిపిల్లలకు ఇప్పుడు యాభై దాటి ఏళ్లయింది. వారి చేతుల మీదుగానే ప్రపంచానికి ఆ సంగతి తెలిసింది.

సైన్యం ఉంటే చాలదు

ఇటీవలి పరిశోధనలు మరో కోణం చూపుతున్నాయి. ఎలుకల్లో సీఎక్స్‌సీఆర్3 ఉన్న టీ కణాలు ఊపిరితిత్తుల కండలోకి దూరి బాగా కాపాడాయి. రక్తనాళాల్లోనే ఆగిపోయినవి అంతగా కాపాడలేదు. 2020లో అమెరికా శాస్త్రవేత్తలు కోతులకు బీసీజీని చర్మానికి బదులు నరంలోకి ఎక్కించారు. ఊపిరితిత్తుల్లో టీ కణాలు దండిగా చేరాయి. 10 కోతుల్లో 9 కోతులకు గట్టి రక్షణ దొరికింది. మనుషులకు ఇంకా ఆ పద్ధతి లేదు. కానీ సైన్యం ఉంటే చాలదు, చేరాల్సిన చోటికి చేరాలని తేలింది.

చేరడం మితిమీరినా ముప్పే. న్యూట్రోఫిల్స్ గుంపులుగా వచ్చిపడితే ఊపిరితిత్తిలో పుండ్లు పడతాయి. కీళ్లవాతంలో రోగం లేని చోటికే కణాలు దారి తప్పి చేరతాయి. ఇక హెచ్‌ఐవీ అయితే సీసీఆర్5నే తలుపుగా వాడుకుని కణంలోకి దూరుతుంది. ఈ సంగతి 1996లో బయటపడింది.

మరి మనం చేయాల్సిందేమిటి?

* రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా సర్కారు ఆస్పత్రిలో గళ్ల పరీక్ష చేయించుకోవాలి. పరీక్షా, మందులూ ఉచితం.
* మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. ఒళ్లు బాగుందని మధ్యలో మానొద్దు. మానితే మొండి టీబీగా మారే ముప్పుంది.
* పెద్దల్లో పనిచేయలేదని పుట్టిన బిడ్డకు బీసీజీ మానకూడదు. మెదడు పొరకు, ఒళ్లంతా పాకే టీబీ నుంచి పసివాళ్లను అది కాపాడుతుంది.

ఒంట్లో కణాలు బోర్డు చదువుకుని వాటి దారిన అవి పోతాయి. ఆస్పత్రి బోర్డు చదివి లోపలికి పోవాల్సింది మాత్రం మనమే.